క్లీనర్ మెడలో ముద్ర

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి నాకంటే ముందు మా సంఘంలో అందరికీ తెలుసు. కరోనా టీకాలొచ్చిన ఏడాది మా మందిరంలో మైకు పట్టుకుని, "ఒంట్లోకి చిప్ ఎక్కిస్తారు, అదే బైబిల్లో చెప్పిన క్రూరమృగం ముద్ర, వేయించుకున్నవాడి పని అయిపోయినట్టే" అని వరసగా మూడు ఆదివారాలు గొంతు చించుకున్నది నేనే. తర్వాత భయమేసి, బేగి వెళ్ళి రెండు డోసులూ పొడిపించుకుని వచ్చాను. ఆ సంగతి మాత్రం మైకులో చెప్పలేదు.

సంఘపెద్ద నతానియేల్ అంటే నేనే. ముంచింగిపుట్టు రోడ్డుకి దిగువన కొంచెం కాఫీ తోట, నీడ చెట్లకి పాకిన మిరియాలు, ఇల్లు, మా ఆవిడ ఆనందమ్మ, ఒక పిల్లి. ఇదీ నా ఆస్తి.

పిల్లి వచ్చి రెండేళ్ళు. మా ఊళ్ళో జీపు నడిపే సోంబరు అరకు నుంచి ఖాళీ గోనెసంచులు వేసుకొచ్చిన రోజు, సంచుల మధ్యలోంచి తెల్లగా, బొచ్చు బొచ్చుగా ఒకటి దిగింది. ముక్కు లోపలికి నొక్కీసినట్టు ఉంది. జీపు వెనక వచ్చినోడు క్లీనరే కదా అని సోంబరు దానికి క్లీనర్ అని పేరెట్టీసాడు. నేను ఊరుకోవచ్చు కదా. "ఇది మన కొండ జాతి. దీని తాత అడవిపిల్లి. చలికి బొచ్చు పెరిగింది" అని ఊరంతా చెప్పుకొచ్చాను. ముక్కు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

పిల్లులంటే నాకు గిట్టదని కూడా చెప్పుకొచ్చాను. క్లీనర్ రోజూ మధ్యాహ్నం నా పొట్టమీదే పడుకుంటుంది. అది లేకపోతే నాకూ కునుకు పట్టదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మొన్న ఆగస్టు వానల్లో క్లీనర్ ఐదు రోజులు కనబడలేదు. ఎండు నెత్తళ్ళ డబ్బా పట్టుకుని, గలగలా ఊపుకుంటూ, తడిసి ముద్దై తోటలన్నీ తిరిగాను. ఎవరైనా ఎదురుపడితే తోట చూసుకుంటున్నానన్నాను. చేపల డబ్బాతో తోట చూసుకునే రైతుని నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆరో రోజు అదే వచ్చింది, చెవి వెనక జలగతో. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. పొగ అన్నాను.

అప్పుడు మొదలెట్టింది ఆనందమ్మ.

"అరకులో వైజాగ్ డాక్టర్లు కుక్కలకీ పిల్లులకీ సూదులేత్తన్నారట. చిప్ కూడా పెడతారట. తప్పిపోతే ఎవలదో తెలిసిపోద్దట. మనమూ పెట్టిద్దాం."

"ఏటీ! సంఘపెద్ద ఇంట్లో ముద్రా?"

"ముద్ర నుదుటి మీదా, కుడిచేతి మీదా అని కదా మైకులో అరిసేవు? ఇది మెడ ఎనక పెడతారట."

"ఎక్కడైతే ఏటే? ముద్ర ముద్రే!"

"అది మనుసులకి కదా. ఇది మృగమే. మృగానికి ముద్రేత్తే మృగానికేటి నట్టం?"

ఓలమ్మో! ఇన్నేళ్ళ నా వాక్యజ్ఞానమంతా తిరగేసినా దీనికి జవాబు దొరకలేదు. జవాబు లేనప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, కేకలేస్తారు. నేనూ వేశాను. ఆవిడ చారుకి పోపు పెట్టుకుంది.

చివరికి నన్ను ఒప్పించింది ఆవిడ కాదు, నా దుర్బుద్ధే. తోటలో కలుపు పీకుతూ ఆలోచించాను. ఇంత అందమైనదాన్ని ఎవడైనా ఎత్తుకుపోయి, నాదే అన్నాడనుకో, కాదు నాదీ అనడానికి నా దగ్గరేటి సాక్ష్యం ఉంది? ఆ మాట తట్టగానే ముద్రా లేదు, మృగమూ లేదు. క్లీనర్ని బుట్టలో పెట్టుకుని సోంబరు జీపెక్కేశాం.

అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల. ఈ చిప్ పిల్లి ఎక్కడుందో చెప్పదనీ, ఎవరిదో మాత్రమే చెబుతుందనీ వివరించింది. "చాలమ్మా, నాకు కావలసింది అదే" అన్నాను. పెట్టేముందు ఒకసారి చూడాలంటూ టీవీ రిమోట్ లాంటిది క్లీనర్ మెడ మీద తిప్పింది. అది కుయ్ మంది.

"దీనికి ముందే చిప్ ఉందండీ" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి దానంతటదే నా పొట్ట మీదికి పోయింది. రెండేళ్ళుగా ముద్ర పడ్డ మృగం సంఘపెద్ద పొట్ట మీద గురక పెట్టి పడుకుంటోందన్నమాట! ఆనందమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, అందరి ముందూ.

డాక్టరమ్మ ఫోన్లో ఏదో వెతికి చదివింది. "పేరు ప్రిన్స్. హేమలత గారని, విశాఖపట్నం. నంబరుంది."

ఆనందమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఆవిడకి నేను ఫోన్ చెయ్యనా?" అంది డాక్టరమ్మ. "అయ్యో, నేను చేస్తానమ్మా. సంఘపెద్దని" అన్నాను. పాపం, నమ్మింది.

చేశాను. నిజంగానే చేశాను. కాకపోతే మా ఇంటిచుట్టూ సిగ్నల్ రాదు. పైన రోడ్డు మీద పనసచెట్టు మలుపు కాడే వస్తుంది. నేను గొడ్లసాల వెనక నిలబడి చేశాను. ఆనందమ్మకి వినబడేలా "హలో! హలో!" అని మూడు సాయంత్రాలు అరిచాను. "కలవడం లేదే, ఏటి చెయ్యమంటావు?" అని విచారంగా లోపలికొచ్చి, క్లీనర్ని పొట్ట మీద వేసుకున్నాను.

నాలుగో సాయంత్రం ఆనందమ్మ గుమ్మంలో నిలబడింది. "గొడ్లసాల ఎనక సిగ్నలెప్పుడొచ్చింది?"

"దేవుడు తలుచుకుంటే ఎక్కడైనా వత్తాది."

"దేవుడు మలుపుకాడే నిలబడ్డాడు. పద."

మలుపు కాడ ఒక్క రింగుకే ఎత్తారు. తెల్లపిల్లి, చిప్, అరకు అని ఏదో గొణిగాను. "బతికే ఉన్నాడా అండీ?" అంది ఆవిడ. అంతే. అప్పటికే నాకు ఆవిడంటే కోపం వచ్చేసింది, అంత ప్రేమగా అడిగినందుకు.

శనివారం కారులో వచ్చింది. కారు చప్పుడికి క్లీనర్ మంచం కిందికి దూరి, ధాన్యం బస్తాల వెనక్కి పోయింది. హేమలత నేల మీద బోర్లా పడుకుని పిలిచింది. "ప్రిన్సూ, నాన్నా, నేనురా." కదల్లేదు. ఎంతసేపు పిలిచినా కదల్లేదు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఆవిడ లేచి చీర దులుపుకుంది. "మర్చిపోయాడండీ. పోనీలెండి, మీ దగ్గర బాగున్నాడు కదా" అంది. అని మళ్ళీ కూర్చుంది. "అరకు వచ్చినప్పుడు ఫోటో తీసుకుందామని నేనే కారు డోర్ తీశాను. తప్పు నాదే. అప్పట్నుంచీ రోడ్డు మీద తెల్లపిల్లి కనబడితే చాలు, బండి ఆపేసి దిగి చూస్తున్నానండీ."

నేను చెయ్యాల్సింది ఒక్కటే. నా జన్మలో ఎప్పుడూ మూయని నోరు కాసేపు మూసుకోవడం. ఆవిడ వెళ్ళిపోతుంది, పిల్లి నాది. ఆనందమ్మ నావైపు చూడను కూడా లేదు. నెత్తళ్ళ డబ్బా నా పక్కనే, కిటికీలో ఉంది.

ఐదు రోజులు డబ్బా ఊపుకుంటూ తిరిగినవాణ్ణి నేను. ఆవిడ రెండేళ్ళు తిరిగింది. ఎంత దుర్మార్గుణ్ణయినా ఆ లెక్క నాకు తెలుస్తుంది. ఛీ, వెధవ బతుకు అనుకుని డబ్బా తీసి ఊపాను.

క్లీనర్ పరుగెత్తుకొచ్చింది. నన్ను నమ్మి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టాను. వాసన చూసింది, ఆవిడ గడ్డం కింద తల దూర్చింది. అప్పుడొక కూత కూసింది, సన్నగా, పసిపిల్లలా. రెండేళ్ళలో మాకెప్పుడూ ఆ కూత వినబడలేదు.

కారెక్కుతుంటే నేను అద్దం దగ్గరికి వంగాను. "అమ్మా, ఆ చిప్ పుస్తకంలో రెండో నంబరు రాయించుకోడానికి చోటుంటాదేటి?"

ఆనందమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఉంటుందండీ. ఎందుకు?"

"మళ్ళీ ఎక్కడైనా తప్పిపోతే, మీరు ఫోన్ ఎత్తకపోతే... నాకు చేస్తారని."

ముద్ర మీద మూడు ఆదివారాలు అరిచిన సంఘపెద్దని నేను, నన్ను కూడా ఎక్కించమ్మా అని కారు కిటికీ పట్టుకుని బతిమాలుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని నా నంబరు రాసుకుంది. "కానీ ఇక్కడ సిగ్నల్ లేదు కదండీ?"

"ఉంటాది, ఉంటాది" అన్నాను.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం పనసచెట్టు మలుపు కాడ నిలబడుతున్నాను. ఎందుకని అడిగితే మిరియాల రేటు కనుక్కోడానికి అంటాను. నిన్న వాన పడుతుంటే ఆనందమ్మ గొడుగు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. రేటెంత అని అడగలేదు.