డైనింగ్ టేబులు మీది కాగితం వంతెన

రండి, రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మూల గుసగుసలు కాస్త ఆపండమ్మా, మీ కోడళ్లు ఎక్కడికీ పారిపోరు. ఇది ఒక టైల్స్ మేస్త్రీ మళ్లీ రెండో క్లాసు చదివిన కథ.

మేస్త్రీ కూతురు పిచ్చుక చదివేది రెండో క్లాసు. బడిలో సైన్సు ప్రాజెక్టు ఇచ్చారు. పాత పేపర్లూ, జిగురూ తప్ప మరేమీ వాడకుండా వంతెన కట్టాలి. దాన్ని రెండు కుర్చీల మధ్య నిలబెట్టి మీద పుస్తకాలు పేరుస్తారు. ఎక్కువ మోసిన వంతెనకి కప్పు బహుమతి. "పిల్లలే చెయ్యాలండీ" అని టీచరు మరీమరీ చెప్పింది. పెద్దలందరూ బుద్ధిగా తలలూపి, ఇంటికెళ్లి, పిల్లల్ని పక్కకి నెట్టి పనిలోకి దిగారు. ఆ బడిలో అదే ఆనవాయితీ. చేసేది నాన్నలు, మోసుకెళ్లేది పిల్లలు.

మేస్త్రీకి ఆ కప్పు చావుబతుకుల సమస్య. కిందటేడు వాళ్ల అక్క మొగుడి అగ్నిపర్వతానికి ఫస్టు ప్రైజు వచ్చింది. పేరుకి అది పిచ్చుక క్లాసులోనే ఉన్న ఆయన కొడుకు గుండుగాడు చేసిందేలెండి. అప్పట్నించీ బావ ఎక్కడ కనబడినా లావా కక్కుతూనే ఉన్నాడు. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచినప్పుడు కూడా ముందు "నా అగ్నిపర్వతం" అనే అన్నాడట. ఈసారీ ఆయనే గెలిస్తే ఇంకో ఏడాది భరించాలి.

"నాన్నా, ఒక్క పేపరు గొట్టం నేను చుడతా" అంది పిచ్చుక.

"నువ్వు కూర్చుని చూడమ్మా. ఇది నీ ప్రాజెక్టు, పాడుచెయ్యకూడదు."

మేస్త్రీ డైనింగ్ టేబులు మీద పని మొదలుపెట్టాడు. బడి జిగురు నీళ్లలా ఉందని టైల్స్ అంటించే జిగురు తెచ్చాడు. అదీ జిగురే కదా! దాని మహిమ ఏమని చెప్పను? ఒకప్పుడు దానిమీద ఓ ఈగ వాలిందట. దాని మునిమనవలు ఇప్పటికీ వచ్చి పలకరించి పోతుంటారు. పేపరు పలకల్ని పొరలు పొరలుగా పేర్చి, వంకరపోకూడదని చేతి అలవాటు కొద్దీ అడుగున కూడా ఓ పూత పూసి, లెవెల్ చూసి, చెక్కతో తట్టి పడుకున్నాడు.

పొద్దున్నే వంతెన పట్టుకుని లేపితే టేబులంతా లేచింది.

"ఆహా, ఏం పనితనం!" అంది భార్య. "ఇక కంచాలు వంతెనకి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా పెట్టుకుని తిందాం."

మేస్త్రీ ఓడిపోయే రకమా? పనివాళ్లని పిలిచి టేబులు ఎత్తించాడు. ఊరేగింపు వీధిలోకి రాగానే ఎదురింటాయన అడిగాడు. "ఇల్లు ఖాళీ చేస్తున్నావా?"

"లేదండీ, హోంవర్కు!"

బడిలో టీచరు టేబులు చుట్టూ తిరిగి చూసింది. "వంతెన రెండు కుర్చీల మధ్య నిలబడాలండీ."

"దానికేముంది? టేబుల్నే కుర్చీలెక్కిద్దాం!"

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం బామ్మర్దీ, వంతెనతోపాటు భోజనాలు కూడానా?" అంటూ తన వంతెన ముందుకి తోశాడు. దానికి రెయిలింగులు, వీధి దీపాలు కూడా ఉన్నాయి.

"ఇదెలా చేశావు నాన్నా?" అని టీచరు గుండుగాణ్ణి అడిగింది.

"మా నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి చేశాడు టీచర్. నేను తుమ్మితే కూడా తిట్టాడు."

బావకి పొలమారింది. టీచరు పెద్దలందర్నీ, వాళ్లతోపాటు టేబుల్నీ బయటికి పంపి, తలుపు గడియ పెట్టి, గది మధ్యలో పాత పేపర్లు గుట్టగా పోసి, "కట్టండర్రా" అంది.

కిటికీల దగ్గర నాన్నలు మూగారు. "అడ్డంగా కాదురా, నిలువుగా!" "మడవకే, చుట్టు!" ఒకాయన సలహా బాగా వినబడాలని ఊచల మధ్య తల దూర్చాడు. అది మళ్లీ బయటికి రాలేదు.

పిచ్చుక వంతెన మొదటి పుస్తకానికే కూలింది. మేస్త్రీ గుండె కూడా దానితోపాటే కూలింది. పిచ్చుక మాత్రం కిలకిలా నవ్వి, కూలిన దాన్ని తిరగేసి చూసింది. "ఒరేయ్ గుండూ, పలకలు వంగిపోతున్నాయి. గట్టిగా చుట్టినవి వంగట్లేదు. నీ గొట్టాలు కూడా ఇటివ్వు!"

"మరి నా వంతెన?"

"ఇద్దరిదీ ఒకటే వంతెనరా!"

బావా బావమరుదులు కిటికీ ఊచలకి అతుక్కుపోయారు. గొట్టాలన్నీ కట్టగా కలిసి కుర్చీల మధ్యకెక్కాయి. పుస్తకాలు పేర్చారు, అయిపోయాయి. సంచులు పెట్టారు, అయిపోయాయి. టీచరు తన హ్యాండ్‌బ్యాగు కూడా పెట్టింది. వంతెన కిర్రుమంది గానీ కూలలేదు. ఇద్దరికీ కలిపి ఒకే కప్పు ఇస్తే దానికి చెరో పిడీ పట్టుకుని బయటికొచ్చారు.

బావ అలవాటుగా "నా..." అని మొదలెట్టి అక్కడే ఆగిపోయాడు.

చివరికి తనే మాట మార్చాడు. "మన పిల్లలు బాగా కట్టారోయ్."

"అవును బావా. మనల్ని బయటికి గెంటారు కాబట్టి."

వరండాలో వాచ్‌మన్ టేబుల్ని పైనుంచి కింద దాకా నిమిరి చూస్తున్నాడు. "వంతెన సంగతి సరే గానీ మేస్త్రీగారూ, ఈ కాళ్లు మాత్రం భలే సమంగా వచ్చాయి. టేబులు కూడా పాపే చేసిందా?"