వరస తప్పిన కొబ్బరిచెట్లు

గ్రీసు దేశం చూసొచ్చిన మనిషికి కాళ్ళు నేల మీద ఆనవు. మలేసియాలోని బాగన్ దాతుక్ తెలుగు సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ అలాగే తేలుతున్నాడు. ఆదివారం సంఘం హాల్లో తెర కట్టించి, థర్మోపిలే యుద్ధభూమిలో దిగిన ఫోటోలు గంట నుంచి జనానికి చూపిస్తున్నాడు. పది ఫోటోల్లో తొమ్మిదింటిలో యుద్ధభూమి కనపడదు, ఆయనే కనపడతాడు.

వెనక కుర్చీలో కూర్మమ్మ ఒళ్ళో కాయితం పెట్టుకుని కూర్చుంది. పాత ఎస్టేటు కొబ్బరితోటలో ఆనాటి తెలుగు కూలీల సమాధులున్నాయని సంఘం రాసిస్తేనే బుల్డోజర్లు ఆగుతాయి. రేపు పొద్దున్నే భూమి ఆఫీసులో ఇవ్వాలి. అధ్యక్షుడి సంతకమే తక్కువ. మూడు వారాలుగా ఆ మహానుభావుడు మాట చివర మలాయివాళ్ళ "లా" తగిలించి "చూద్దాం లా" అంటున్నాడు. కొలతలవాళ్ళతో ఒకపూట తోటంతా తిరిగి, ఒక్క సమాధిరాయీ లేదని తేల్చేశాడు. కాయ పడి కారు అద్దం పగిలిందని మాత్రం ఇప్పటికీ ఏడుస్తున్నాడు.

రాళ్ళెక్కణ్ణుంచి వస్తాయి? గంజికే గతిలేనివాళ్ళు చచ్చినవాడి తలాపున కొబ్బరిమొక్క పాతారు. దొర నాటించిన వరసలు తాడు పట్టి గీసినట్టుంటాయి. వాటి మధ్య వరస తప్పి నిలబడ్డ ప్రతి చెట్టూ ఒక మనిషి. ముసలాళ్ళందరికీ ఇది తెలుసు. తెలిసీ నోరు విప్పరు, అదీ రోగం.

తెర మీద ఒక గుట్ట వచ్చింది.

"మూడొందల మంది వీరులు చచ్చేదాకా నిలబడినారు," శ్రీకుమార్ గొంతు వణికించాడు. "అప్పుడు సముద్రం ఈ పక్కనే ఉండేది. ఇప్పుడు ఎక్కడికో వెనక్కెళ్ళిపోయింది. అయినా నాకు కన్నీళ్ళాగలేదు లా."

కూర్మమ్మ లేచింది. "ఏం బాబూ, ఆళ్ళు సచ్చిన సోటు ఇదేనని నీకెవులు సెప్పినారు?"

"తవ్వితే బాణాల ములుకులు దొరికినాయి పెద్దమ్మా. అదే సాక్ష్యం."

"ములుకు సాక్ష్యమా? మరి సెట్టు సాక్ష్యం కాదేటి?"

"అది వేరు, ఇది వేరు. వాళ్ళు చరిత్ర."

"మావోళ్ళేటి, ఎరువా?"

హాలు గొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే ముందు వరసలో గోవిందసామి కర్ర ఊతంగా లేచాడు. "పంపు కాడ వంకరది మా అమ్మ," అన్నాడు. ఇంకో మూల నుంచి చిన్నమ్మ, "కాలవ గట్టు మీద జంట సెట్లు మా అన్నలు. జొరంతో ఒక్క వారంలో పోయినారు," అంది. ఆ తర్వాత ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అందరికీ చెట్లున్నాయి.

శ్రీకుమార్ అటూ ఇటూ చూశాడు. వచ్చే నెల సంఘం ఎన్నికలు. ఓట్లన్నీ ఇక్కడే నిలబడి అరుస్తున్నాయి. కాయితం లాక్కుని సంతకం గీకి, ముద్ర కొట్టాడు. వీరుల మీద భక్తితో కాదు, కుర్చీ మీద భక్తితో. అయితేనేం, సిరా సిరాయే.

కూర్మమ్మ కాయితం మడిచి రవికలో దోపుకుంది. ఆయన పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా... మా తాతకి కూడా చెట్టుందా?"

"పైడయ్యకా? నేకేటి? మొన్న కొలతలోళ్ళతో వచ్చి, నీడ బాగుందని కింద కారెట్టినావే, అదే. అద్దం పగిలిందని మొదలు మీద తన్నినావు కూడాను."