మైనం పెట్టిన మూత

నా పాత అంబాసిడర్ వేడెక్కినప్పుడల్లా రేడియేటర్ నీళ్లు పొంగి రోడ్డు పాలయ్యేవి. ఆ నీళ్లను పట్టి, ఇంజన్ చల్లబడ్డాక తిరిగి లోపలికిచ్చే డబ్బా కోసం మేముండే ఉధ్నాలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. చివరికి ఒకటి దొరికితే నేనే బిగించాను. దాని మూతకు సన్నటి రంధ్రం ఉంది. ముప్పై ఏళ్లు మగ్గాల షెడ్డులో పనిచేసినవాణ్ని. రంధ్రం కనబడితే నూలు దుమ్ము దూరుతుందని ఈ పాపిష్టి చేతులు ఊరుకోవు. మైనం పెట్టి మూసేశాను.

ఇవాళ నా ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీసుకుని నేనూ నా భార్యా అదే కారులో బార్డోలీలో డాక్టరు దగ్గరికి బయలుదేరాం. సగం దారిలో, గాలి పోయే తోవ లేక డబ్బా పగిలింది. నీళ్లన్నీ కారిపోయి ఇంజన్ పట్టేసింది. ఇక ఇది పనికిరాదని, పిలిపించిన మెకానిక్ చెప్పేసి వెళ్లిపోయాడు.

నేను దగ్గుతూ రోడ్డు పక్కన కూలబడ్డాను. నా భార్య పద్మారాణి ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గా డబ్బాల దుమ్ము పడ్తదని మూసినవ్," అంది. "ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడన్న నీ ముక్కుకు గుడ్డ కట్టుకున్నవా?"

కోపంగా అరవబోయాను. ఊపిరి అందలేదు.