కమిటీ ముందు కట్టుకెళ్ళిన చీర

నాకు కోపం ఎక్కువని చీరాలలో మా వీధంతటికీ తెలుసు. దాచుకునేదేమీ లేదు. ఆ రోజు మాత్రం ఒక్క గంట నోరు అదుపులో పెట్టుకోమని మా మరిది శివనాగరాజు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. అతని భార్య సామ్రాజ్యం, అంటే నా తోడికోడలు, రెండు కిడ్నీలూ పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిరుగుతోంది. మరిదికి షుగరు. వాళ్ళమ్మాయి ధనశ్రీ గ్రూపు కలవలేదు. నాది కలిసింది. ఇస్తానన్నాను.

తల్లో, తోడబుట్టిందో అయితే ఇంత తతంగం ఉండదట. తోడికోడలు రక్తసంబంధం కాదు కనక, నేను కిడ్నీ అమ్ముకోవడం లేదని గుంటూరు ఆసుపత్రిలో కమిటీ నమ్మాలి. వాళ్ళు సరేనంటేనే ఆపరేషన్. కాదంటే సామ్రాజ్యం ఎన్నాళ్ళుంటుందో డాక్టరు చెప్పాడు. ఆ మాట నేను తిరిగి అనను.

అధికారుల ముందుకి వెళ్ళాలంటే మా మగ్గాలవాళ్ళం సొంత చేత్తో నేసిన గుడ్డే కట్టుకుంటాం. మా మామగారు కలెక్టరు దగ్గరికైనా అలాగే వెళ్ళేవాడు. నేనూ నా దగ్గరున్న వాటిలో మేలైన వంకాయరంగు పట్టుచీర కట్టుకున్నాను. ఎంత బుద్ధితక్కువ పని చేశానో లోపలికి వెళ్ళాక తెలిసింది.

మమ్మల్ని విడివిడిగా పిలిచారు. బల్ల వెనక నలుగురున్నారు. మధ్యలో ఉన్న కళ్ళద్దాలాయన నా కాగితాలకంటే ముందు నా చీర చూశాడు.

“ఏం పని చేస్తారమ్మా?”

“మగ్గం నేస్తామండి. కూలి మగ్గం.”

“చీర బాగుంది. ఎక్కడ కొన్నారు?”

“కొనలేదండి. మా సామ్రాజ్యం పెట్టింది.”

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆయన ఏదో రాసుకున్నాడు. “అంటే కిడ్నీ తీసుకునే ఆవిడే పెట్టిందన్నమాట. ఇంకేం పెట్టింది?”

నాకు ఒళ్ళు మండిపోయింది. మరిది మాట గాలికి పోయింది.

“శాపనార్థాలు పెట్టిందండి. నేనూ పెట్టాను. కుళాయి కాడ మొదలై రెండేళ్ళు మాటల్లేవు మాకు. ఈ చీర ధనశ్రీ పెళ్ళికి పెద్దమ్మకని అదే మొదలెట్టింది. ముప్పాతిక వంతు నేసేసరికి కాళ్ళు వాచిపోయి మగ్గం గుంటలోకి దిగలేకపోయింది. మిగతాది నేనే కూర్చుని నేశాను. నాకు పెట్టే చీర నేనే నేసుకున్నా. దీన్ని లంచమంటారా మీరు?”

“మీరు చెప్పేది మేమెలా నమ్మాలమ్మా?” అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. అది నాకు ఇంకా మంటెక్కించింది.

నేను లేచి పైటచెంగు తీసి ఆ బల్ల మీద పరిచాను. మగ్గం మీద అడ్డపోగు వేసిన ప్రతిసారీ దాన్ని దగ్గరికి దెబ్బ కొట్టాలి. సామ్రాజ్యం దెబ్బ మెత్తన, నాది గట్టిది. అందుకని ఆమె నేత కాస్త పల్చన, నాది చిక్కన. చేతులు మారిన చోటు కొన్నవాళ్ళ కంటికి ఆనదు. నేసినవాళ్ళ వేలికి తగులుతుంది. ఆ చోటు చూపించాను. చివర కూర్చున్న డాక్టరమ్మ లేచి వచ్చి, కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. చెంగు చివర నుంచి అక్కడికి ఎన్ని జానలో కొలిచి కాగితం మీద రాసుకుంది. ఆరు.

“ఆవిణ్ణి పిలవండి. మీరు మాట్లాడకండి” అంది నాతో.

సామ్రాజ్యం గోడ పట్టుకుని వచ్చింది. మొహం ఉబ్బి ఉంది. వస్తూనే మరిది నేర్పిన పాఠం అప్పజెప్పింది: “మేం సొంత అక్కచెల్లెళ్ళలాగా ఉంటామండి. ఏనాడూ మాటపట్టింపు లేదండి.”

నేను తల కొట్టుకున్నాను. నోరు తెరవకూడదు కదా.

డాక్టరమ్మ చెంగు ఆమె చేతికిచ్చింది. “ఇందులో మీరు నేసింది ఎక్కడిదాకానో చూపించండమ్మా.”

సూదులు పొడిచి పొడిచి ఆ చెయ్యి నల్లగా కమిలిపోయి ఉంది. వేళ్ళకి స్పర్శ సరిగా తెలియడం లేదని నెలరోజులుగా అంటోంది. సామ్రాజ్యం కళ్ళు మూసుకుని గుడ్డని రెండు వేళ్ళ మధ్య పట్టి జరుపుకుంటూ వచ్చింది. ఆ చోటు దాటిపోయింది. అయిపోయిందనుకున్నాను. బెత్తెడు పోయాక ఆగింది, వెనక్కి వచ్చింది, గోరు ఆనించింది.

“ఇక్కడిదాకా నాదండి. ఇక్కణ్ణుంచి అక్కది. మామీద కోపమంతా ఆ గుడ్డమీదే చూపిస్తదండి.”

డాక్టరమ్మ జానలు కొలిచింది. ఆరో జాన సరిగ్గా ఆ గోరు దగ్గర ముగిసింది. కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

“ఇన్ని గొడవలున్నాయంటున్నారు. మరి ఎందుకిస్తున్నారమ్మా?”

“ముప్పై ఏళ్ళుగా ఒకే మగ్గమండి మాది. నేను లేచిన చోట అది కూర్చుంటది. అది ఆపిన పోగు నేనందుకుంటాను. ఇప్పుడు దాని పని ఆగిపోయింది. నేను అందుకోవద్దా?”

వారం తిరక్కుండా సరేనన్న కాగితం వచ్చింది.

ఆపరేషన్ అయిన మర్నాడు నర్సు నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి అద్దంలోంచి సామ్రాజ్యాన్ని చూపించింది. నిద్రపోతోంది. మొహంలో ఉబ్బు కాస్త తీసినట్టుంది. మంచం కింద వేలాడుతున్న ఉచ్చసంచి నిండి ఉంది. ఏడాదిగా చుక్క రావడమే గగనమైన మనిషి. దాన్ని చూసి ఇంత పొంగిపోతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే చీపురు తిరగేసేదాన్ని. నా కళ్ళు ఆగలేదు. తుడుచుకోలేదు కూడా. చీరాలలో ఉన్న మా ఆయన బాపయ్యకి ఫోన్ చేశాను.

“అట్టా అరవమాకే, ఆసుపత్రంతా వింటారు” అన్నాడు.

“విననీ. నా కిడ్నీ మా సామ్రాజ్యం ఒంట్లో కూర్చుని పొద్దుటికి మూడు సంచులు నింపింది. నువ్వు వీధిలోకెళ్ళి అందరికీ చెప్పు.”