కోడిగుడ్ల పక్కన ఎలైజా ప్లేటు

1998 మే నెలలో ఒక మధ్యాహ్నం సూర్యాపేటలో కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే డాక్టర్ విజయలక్ష్మి ల్యాబులో టెక్నీషియన్ జమున, ఎలైజా అనే పరీక్షకు వాడే ప్లాస్టిక్ ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో ఆఖరి చుక్క వేసి, పైన అంటుకాగితం అతికించింది.

మిర్యాలగూడ, కోదాడల నుంచి వచ్చిన రోగుల వెన్నులోంచి తీసిన నీరది. అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బులో ఆ నీటిలో టావు అనే ప్రోటీన్ పెరుగుతుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు గుంటల అడుగున ఉంటాయి. ఎంత పట్టుబడితే చివరికి అంత చిక్కటి రంగు. కానీ ముందు ప్లేటు గంటసేపు ముప్పై ఏడు డిగ్రీల వేడిలో ఉండాలి. ల్యాబులో ఇంక్యుబేటర్ ఆగిపోయింది. బయట ఎండ నలభై నాలుగు.

"ఇంకో కిట్టు తెప్పించాలంటే ఆర్నెల్లు పడుతుంది," అంటూ డాక్టర్ కుర్చీలో కూలబడింది.

"మేడం, మా చివ్వెంల దిక్కు కోళ్ల హేచరీ ఉంది," అంది జమున. "గాడ జనరేటర్ ఉంటది. గుడ్లు పొదగాలన్నా గింతే వేడి కావాలె."

డాక్టర్ ఆమె మొహంలోకి చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

వరండాలో కోదాడ నుంచి వచ్చిన సుగుణమ్మ, ఆమె భర్త రాజారత్నం కూర్చుని ఉన్నారు. రిటైరైన తెలుగు పంతులాయన. ఆ ప్లేటులో ఆయన నీరూ ఉంది. సంగతి వినగానే సుగుణమ్మ చెప్పులేసుకుంది. "మేమూ వస్తామండీ. ఈయన్ని ఒక్కణ్ణీ వదల్లేను."

ఆటోలో రంగును కొలిచే యంత్రం డాక్టర్ ఒళ్లో, మందుల ఐసుపెట్టె జమున ఒళ్లో. ప్లేటు మాత్రం సుగుణమ్మ పట్టుకుంది, పాయసం గిన్నెలా, ఒలకకుండా. డ్రైవర్ పక్కన కూర్చున్న రాజారత్నం దారి పొడవునా ఎదురొచ్చిన లారీలన్నిటికీ నమస్కారం పెట్టాడు. గోతి వచ్చినప్పుడల్లా ముగ్గురాడవాళ్లూ ఊపిరి బిగబట్టి, దాటగానే పకపకా నవ్వారు.

హేచరీ ఓనరు ఉప్పలయ్య ప్లేటును అటూ ఇటూ చూసి, గుడ్ల ట్రేల పక్కన చోటిచ్చాడు. "దీంట్లకెల్లి ఏం పుడ్తదమ్మా?"

"రంగు పుడ్తది కాకా," అంది జమున.

"పుట్టనీ. నా గుడ్లు మాత్రం కదపకు."

పక్క గదిలో పొద్దున్నే గుడ్లు పగిలి వందల పిల్లలు కిచకిచమంటున్నాయి. రాజారత్నం వాటి ముందు నిలబడి హాజరు పిలవడం మొదలుపెట్టాడు. "వెంకటేశం. సత్యవతి. యేసయ్య." ప్రతి పేరుకీ వంద గొంతులు పలికాయి. "ఒక్కొక్కరే చెప్పండి," అని కసిరాడు. ఉప్పలయ్య గోడ పట్టుకుని నవ్వాడు.

గంట తర్వాత జమున ప్లేటు కడిగి, రంగు పుట్టించే మందు వేసింది. అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. ముందు ఏమీ లేదు. తర్వాత నీలం. మెట్లు మెట్లుగా, లేతది, ముదురుది, ఇంకా ముదురుది. ఆమ్లం చుక్క పడగానే అన్నీ పసుపుపచ్చగా మారాయి. డాక్టర్ విజయలక్ష్మి యాభై ఏళ్ల మనిషై ఉండి కూడా జమున రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిరిగింది.

యంత్రాన్ని జనరేటర్‌కి తగిలించి కొలిచారు. రాజారత్నం నీరున్న గుంటలో రంగు బాగా చిక్కగా ఉంది.

డాక్టర్ నవ్వు ఆపి సుగుణమ్మ పక్కన కూర్చుంది. "ఈ ఒక్క పరీక్షతోనే తేల్చం. కానీ స్కానింగూ, మీరు చెప్పినవీ కలిపి చూస్తే ఇది జబ్బే అమ్మా. నయం చేసే మందు లేదు."

"అంటే ఈయన ఇదంతా నన్ను సాధించడానికి చేయట్లేదు."

"లేదు."

"రెండేళ్లుగా తిడుతూనే ఉన్నానండీ. పొంతన లేకుండా మాట్లాడితే, బియ్యంలో చెప్పులు పెడితే, మొండితనం అనుకున్నాను." ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. రెండేళ్ల బరువు ఒక్కసారిగా దిగినట్టు ఒళ్లంతా తేలికైంది.

లేచి వెళ్లి భర్త చొక్కా గుండీలు సరిగా పెట్టింది. జుట్టులో ఇరుక్కున్న కోడిపిల్లల నూగు తీసింది. తర్వాత ఉప్పలయ్య వైపు తిరిగింది.

"ఇక్కడ మిర్చీ బజ్జీ ఎక్కడ దొరుకుతుందయ్యా? నాకు బాగా ఆకలేస్తోంది."