వదిన కొన్న రెండు సీట్లు

కచేరీ టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజే వదిన రెండు కొనేసింది, ఒకటి తనకి, ఒకటి అన్నయ్యకి. నడవ పక్కన, గాయకుడి మొహం స్పష్టంగా కనపడేంత ముందు వరస. తీరా కచేరీ దగ్గరపడ్డాక షాపు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. ఆ మిషను రొదలో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో రోజంతా ఆ గాయకుడి పాట ఒకటే పాడుకుంటుందని ఆడపడుచు చిట్టికి తప్ప ఎవరికీ తెలియదు.

టికెట్లు వెనక్కి తీసుకోరట, పేర్లు మాత్రం మారుస్తారట. వదిన మంచం మీద నుంచే ఫోన్లు చేసి, బతిమాలి, చిట్టి పేరూ వాళ్ళాయన పేరూ పెట్టించింది.

“నువ్వూ మీ ఆయనా వెళ్ళండి. నా పాట ఆ మహానుభావుడు ఎప్పుడూ ఆఖర్నే పాడతాడు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడకు. అలా పైకి పట్టుకో, చాలు.”

“అదెంత పని వదినా!” అంది చిట్టి.

“లోపల చలేస్తుంది, ఇది కప్పుకో,” అని ఆకుపచ్చ శాలువా కూడా ఇచ్చింది. దాని అంచున పసుపు పూలు వదిన తన చేత్తో కుట్టుకున్నవే.

చిట్టి మొగుడికి చుట్టాలు పెట్టిన పేరు తొలిబండి. సరుకుల గోదాంలో లారీల్ని టైముకి గేటు దాటించడం ఆయన ఉద్యోగం. ఆ జబ్బు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఏ పెళ్ళికెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే బయటికెళ్ళే దారి చూసుకుంటాడు. అందరికంటే ముందు బండి తీసి, వెనక ఇరుక్కున్నవాళ్ళని అద్దంలో చూసుకుంటే గానీ ఆయనకి తిన్నది అరగదు.

కచేరీ బాగుంది. ముసలాయన గొంతు అక్కడక్కడా జీరబోయినా జనం మైమరచి విన్నారు. చిట్టి మాత్రం ఫోను చేత్తో పట్టుకుని, ప్రతి పాట మొదట్లోనూ ఇదేనా అని చెవులు రిక్కించింది. చివరికి గాయకుడు దణ్ణం పెట్టి, సెలవని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. జనం కూర్చునే చప్పట్లు కొడుతున్నారు.

“అయిపోయింది, పద పద,” అన్నాడు తొలిబండి. తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

“వదిన పాట ఇంకా పాడలేదండీ.”

“ఆయన వెళ్ళిపోతే మనమేం చేస్తాం? ఇప్పుడు కదలకపోతే ఇక్కడే కాపరం.”

చుట్టుపక్కల వాళ్ళెవరూ ఎందుకు లేవట్లేదో చిట్టి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆలోచించలేదు. మొగుడి వెనకే గబగబా నడిచింది.

బండి గేటు దగ్గరికొచ్చేసరికి లోపల చప్పట్లు ఒక్కసారి హోరెత్తి ఆగిపోయాయి. గాయకుడు మళ్ళీ వేదిక మీదికి వచ్చాడు. గేటు మీది స్పీకర్లోంచి పాట మొదలైంది.

“ఆపండి! అదే, వదిన పాట!”

“మనలాగే ముందు లేచొచ్చినవాడెవడో వెనక హారన్ కొడుతున్నాడు చూడు. రేపు ఎవడో ఒకడు ఫోన్లో పెడతాడులే, అప్పుడు వినిపిద్దువుగాని.”

దిగొచ్చు. దిగకపోయినా, కిటికీ అద్దం దించి ఫోను బయట పెడితే వదినకి వినపడేది. కానీ ఆ హారన్లేంటి, ఎక్కడున్నావే అని వదిన అడిగితే? ఆ భయానికి చిట్టి ఫోను ఒళ్ళో బోర్లా పెట్టేసింది. బండి గేటు దాటింది. “మనమే ఫస్ట్,” అన్నాడు తొలిబండి అద్దంలో చూసుకుంటూ. ఇల్లు చేరాక గానీ శాలువా కుర్చీ మీదే మర్చిపోయిన సంగతి గుర్తు రాలేదు.

మర్నాడు నిజమే చెప్పేద్దామని దారి పొడుగునా అనుకుంటూ వదిన ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, “పాడాడా?” అంది వదిన.

“పాడలేదు వదినా.” నోట్లోంచి ఊడిపడ్డట్టు వచ్చేసింది.

వదిన మొహం వాడిపోతుందనుకుంటే, వెలిగిపోయింది. “హమ్మయ్య! నిన్న సాయంత్రమంతా ఫోను గుండెల మీదే పెట్టుకున్నా. మీ అన్నయ్యని టీవీ కూడా పెట్టనివ్వలేదు. పాడేసి ఉంటాడు, నీకు లైను దొరకలేదేమో అని ఒకటే బాధ. పాడలేదా! అయితే నేనేం పోగొట్టుకోలేదన్నమాట.”

తిట్టినా బాగుండేది. చిట్టికి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

“శాలువా ఏదీ?”

“ఉతికి తెస్తా వదినా.” ఆ అబద్ధానికి ఇదొకటి తోడు.

ఇంతలో అన్నయ్య లోపలి గదిలోంచి ఫోను పట్టుకుని హుషారుగా వచ్చాడు. “ఏమోయ్, నిన్నటి కచేరీ ఎవరో పెట్టారు. ఆఖరి పాట నీదే, చూడు!”

పారిపోవాలనిపించింది చిట్టికి. అన్నయ్య ఫోను వదిన చేతికిచ్చి పక్కనే కూర్చున్నాడు. పాట సగంలో ఉండగా కెమెరా జనం వైపు తిరిగింది. ముందు వరసలో అందరూ కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. నడవ పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని వీపు మీద ఆకుపచ్చ శాలువా, దానికి పసుపు పూల అంచు.

ముగ్గురూ చూశారు. అన్నయ్య నోరు తెరవబోతే వదిన చెయ్యెత్తి ఆపింది. పాట ఆపలేదు. దానితో పాటు తనూ మెల్లగా పాడుకుంది. మిషను రొద లేకపోవడంతో ఆవిడ గొంతు మొదటిసారి పైకి వినపడింది. చక్కటి గొంతు. ఇప్పుడు ఇలా వింటున్నందుకు చిట్టికి ఇంకా సిగ్గేసింది.

పాట అయిపోయింది.

“వదినా...” అంది చిట్టి.

వదిన ఆమె వైపు చూడలేదు. కట్టు మీద దుప్పటి సర్దుకుంది.

“పోనీలే,” అంది. “నా శాలువా అయినా చివరిదాకా కూర్చుంది.”