ఆది గౌను

నాకు కోపం ఎక్కువని బేతంచెర్లలో అందరికీ తెలుసు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కూడా నా మొహం చూసి, ముందు మా అమ్మ నన్నీబీతో మాట కలిపి, తర్వాతే సంచిలోంచి బట్ట తీస్తారు. ఆ కోపంలో సగం నా పుట్టుకతో వచ్చింది. మిగతా సగం మా బావ సమీవుల్లా పుణ్యం.

మా అక్క శంషాద్ చనిపోయేనాటికి దాని కూతురు అల్ఫియాకు మాటలు కూడా సరిగా రాలేదు. ఏడాది తిరగకముందే బావ కడపలో శిరీన్‌ను చేసుకున్నాడు. కొత్త పెళ్లికూతురు అడుగు పెట్టకముందే అక్క బట్టల పెట్టె బండల లారీలో మా ఇంటికి వచ్చేసింది. దాని వెనకే బావ ఫోను. "పిల్ల కొత్తమ్మకు అలవాటు పడాల. కొన్నాళ్లు ఎవురూ రావద్దండి." ఆ కొన్నాళ్లు ఇప్పటికీ అయిపోలేదు. ఫోటో అయినా పంపమంటే, ఫోన్లలో తిప్పితే పిల్లకు నజర్ తగులుతుందని దాటేసేవాడు.

ఆ పెట్టెలో అక్క మడత కూడా విప్పని పెళ్లి చీరలున్నాయి. ఏటా రంజాన్‌కు ఒక చీర తీసి అల్ఫియాకు గౌను కుట్టి పంపుతూ వచ్చాను. నేను కనపడకపోయినా ఫరవాలేదు, పండగ పూట తల్లి చీర పిల్ల ఒంటి మీద ఉంటే చాలనుకున్నాను. కొలవడానికి పిల్ల నా దగ్గర లేదు కాబట్టి శిరీన్ ఒక ఆది గౌను పంపేది. ఆది అంటే కొలత కోసం ఇచ్చే పాత బట్ట. కడపకు బండలు తోలే రబ్బానీ ఆదిని తెచ్చిచ్చి, కుట్టిన గౌను పట్టుకుపోయేవాడు. ఆది చేతికొచ్చాక ఎవరిదని అడిగేది ఉండదు, కత్తెర పట్టుకోవడమే. మా పనిలో అదే పద్ధతి.

నేను అల్ఫియాను పెంచింది ఆ ఆది గౌన్లతోనే. ఏ ఏడు భుజం ఎంత పెరిగిందో అమ్మకు చూపించేదాన్ని. జేబు ఎప్పుడూ చినిగి వచ్చేది. ఏవేవో దాచుకునే పిల్ల అనుకుని, నేను కుట్టే జేబుకు రెండు పొరలు వేసేదాన్ని. ఎడమ చేతి అంచున ఇంకు మరక కనపడితే, అక్కలాగే ఎడమచేతి వాటమని మురిసిపోయాను.

ఈ ఏడు వచ్చిన ఆదిని బల్ల మీద పరిచి టేపు పెట్టాను. భుజం పోయినేడాదిదే. ఛాతీ అంతే. పొడవూ అంతే. పెరిగే వయసు పిల్ల ఏడాదంతా ఏమాత్రం పెరగలేదు.

"తిండి పెట్టకుండా చంపుతాండాది పిల్లను ఆ శిరీన్. దాని చేతులు పడిపోను!" అన్నాను.

"నోరు కట్టుకో నఫీసా, రోజా ఉపాసంలో ఉండావు," అంది అమ్మ. "ముందు మీ బావను ఒక మాట అడుగు."

"అడిగేదేంది? పోతాండా. పిల్ల బక్కచిక్కి ఉంటే ఎత్తుకొనే వస్తా."

పెట్టెలో మిగిలింది ఒక్కటే, వంగపండు రంగు పట్టుచీర. అదీ కత్తిరించాను. మా ఇంట్లో నాలుగు ముద్దలు తిని ఒళ్లు చేస్తే విప్పి పెంచుకోవచ్చని లోపల బాగా గుడ్డ మడిచి కుట్టాను. నంద్యాలలో బస్సు మారి కడప చేరేదాకా, శిరీన్‌ను అనాల్సిన మాటలు వరస పెట్టుకుంటూనే ఉన్నాను.

తలుపు తీసిన పిల్ల నా భుజం దాకా ఉంది. నిండు బుగ్గలు, నూనె పెట్టి బిగించి అల్లిన జడలు. నుదురు మాత్రం అచ్చం మా అక్కది. ఆ నుదురు లేకపోతే పోల్చుకునేదాన్నే కాదు.

"ఎవురు కావల్ల?" అంది.

"అల్ఫియావా నువ్వు?"

"ఊ. అమ్మీ! ఎవురో వచ్చినారు!"

సంతోషపడాలి కదా, పిల్ల ఇంత బాగుంటే. బక్కగా ఉంటే చంకనేసుకుని పోయేదాన్ని. ఈ పిల్లను ఏ సాకు చెప్పి తీసుకుపోను? పిల్ల బాగుందని కడుపు మండింది నాకు. సిగ్గు లేకుండా చెబుతున్నా, మండింది.

శిరీన్ వచ్చి నన్నూ నా చేతిలో మూటనూ చూసి తెల్లబోయింది. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

"ఆ ఆది ఎవురిది?" అన్నాను.

"మా అన్న కూతురు సనాది అక్కా. కిందింట్లోనే ఉంటారు." గొంతు తగ్గించింది. "అల్ఫియా మొదటేడు ఏసుకునింది. మల్లేడు జరీ గుచ్చుకుంటాదని మొండికేసింది. చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు. బంగారట్లాంటి చీరలు ఊరికే పోతాయని సనా ఆది పంపిస్తా వచ్చినా. సనాకు ఈ ఏడంతా జొరాలే. అందుకే పెరగలేదు."

అంతలో సన్నటి పిల్ల ఒకటి మెట్లెక్కి వచ్చి, మూట విప్పి, ఎడమ చెయ్యి గౌను జేబులో దూర్చింది. "బేతంచెర్ల ఆంటీ, ఈ తూరి కూడా జేబు పెద్దగా పెట్టినావు!" అని ఎగిరింది. ఇన్నేళ్లూ నేను ముద్దు చేసింది ఈ పిల్లనా?

అల్ఫియా వచ్చి పట్టును వేళ్లతో తడిమింది. "ఈ రంగు బాగుండాది. ఎవురి చీర ఇది?"

"మీ అమ్మది," అన్నాను.

అల్ఫియా నవ్వి శిరీన్ వైపు తిరిగింది. "నీదా అమ్మీ? నువ్వు పట్టుచీరలే కట్టవు కదా!"

శిరీన్ పిల్లను వెనక నుంచి రెండు చేతులతో దగ్గరికి లాక్కుని నన్నే చూస్తోంది, చెప్పొద్దని. కొన్నాళ్లు ఎవరూ రావద్దన్నది ఎందుకో అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. బస్సులో వరస పెట్టుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. వాటిలో ఒక్కటి బయటికొస్తే చాలు, అంతా తెలిసిపోతుంది. పిల్ల ఏమీ ఎరగకుండా శిరీన్ మీదికి వాలి నిలబడి ఉంది.

"కాదులే. మా అక్కది," అన్నాను.

"చీర కత్తిరిస్తే మీ అక్క కొట్లాడలేదా?"

"లేదు. అది ఏమీ అనదు."

"శానా మంచిది అయితే," అంటూ అల్ఫియా సనాను లాక్కుని అద్దం దగ్గరికి పోయింది.

రోజా విప్పి పొమ్మని శిరీన్ నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని మెట్లు దిగాను. ఆ పిల్ల ముందు శంషాద్ పేరు ఎత్తేదాన్ని నేనొక్కదాన్నే ఉంటిని. నేనూ ఎత్తలేదు.